పేర్లు గుర్తుకు రావడం లేదు.. మెదడుకు ఎలాంటి సాధన మంచిది?

ప్రశ్న: నా వయసు 68. రోజూ పత్రికలో వచ్చే గళ్లనుడికట్టు, సుడోకు పూర్తి చేస్తుంటాను. అయినా ఈమధ్య తెలిసినవారి పేర్లు చప్పున గుర్తుకు రావడం లేదు. కళ్లజోడు ఎక్కడ పెట్టానో మరచిపోతున్నాను. జ్ఞాపకశక్తి తగ్గకుండా ఇంకా ఏం చేయాలి?

సమాధానం: తడుముకున్న పేరు కాసేపటికి దానంతటదే గుర్తుకొస్తుంటే, అది వయసుతోపాటు చాలామందిలో కనిపించే మరుపే కాబట్టి ఆందోళన పడనక్కర్లేదు. గళ్లనుడికట్టు, సుడోకు మానవలసిన పని లేదు గానీ, వాటితోనే సరిపెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఏళ్ల తరబడి చేస్తున్న పని అలవాటైపోయాక మెదడు దానికోసం అంతగా శ్రమించదు. పైగా ఏ నైపుణ్యాన్ని సాధన చేస్తే ప్రధానంగా అదే మెరుగవుతుంది. అమెరికాలో 65 ఏళ్లు, ఆపై వయసున్న 2,800 మందికి పైగా వృద్ధులకు జ్ఞాపకశక్తి, తార్కిక ఆలోచన, చూసినదాన్ని వేగంగా గ్రహించడం అనే మూడింటిలో ఒక్కో బృందానికి ఒక్కో శిక్షణ ఇచ్చి పరిశీలించినప్పుడు, ఏ బృందం దేనిలో శిక్షణ పొందిందో దానిలోనే ముందంజ వేసింది.

అందువల్ల ఇప్పటివరకు మీకు రాని విద్య ఒకటి ఎంచుకోండి. కొత్త భాష, సంగీత వాద్యం, చిత్రలేఖనం, కెమెరాతో ఫొటోలు తీసి కంప్యూటర్లో సరిదిద్దడం, ఏదైనా ఫర్వాలేదు. అది కొంచెం కష్టంగా ఉండాలి, తేలికైపోగానే తర్వాతి మెట్టుకు వెళ్లాలి. తప్పులు దొర్లుతున్నాయని మొదటి వారంలోనే వదిలేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ తడబాటులోనే మెదడుకు అసలైన పని ఉంటుంది. నలుగురితో కలిసి నేర్చుకుంటే మాటామంతీ కూడా తోడవుతుంది.

రెండోది, చదివినదాన్ని మళ్లీ మళ్లీ చదవడం కన్నా పుస్తకం మూసి, గుర్తున్నంత మేరకు సొంత మాటల్లో ఎవరికైనా చెప్పడం మేలు. పేర్లకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. కొత్తవారు పరిచయమైనప్పుడు వారి పేరును ఒకసారి పైకి పలికి, కొన్ని నిమిషాల తర్వాత, మళ్లీ సాయంత్రం, మర్నాడు గుర్తు చేసుకోండి. కళ్లజోడు విషయంలో లోపం చాలావరకు జ్ఞాపకానిది కాదు, పెట్టేటప్పుడు మనసు అక్కడ లేకపోవడమే. దానికి ఒక స్థిరమైన చోటు కేటాయిస్తే చాలు.

మెదడు సాధన ఒక్కటే సరిపోదు. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల మధ్య వయసున్న 1,260 మందిపై రెండేళ్లపాటు జరిపి, 2015లో ప్రచురించిన అధ్యయనంలో మెదడు శిక్షణతోపాటు వ్యాయామం, ఆహార నియమాలు, రక్తపోటు వంటి వాటిపై పర్యవేక్షణ కలిసినప్పుడు ఆలోచనాశక్తి మెరుగ్గా నిలిచింది. వినికిడి తగ్గి ఉంటే పరీక్ష చేయించుకుని, అవసరమైతే వినికిడి యంత్రం వాడండి. సరిగా వినపడని మాట గుర్తుండదు కదా.

అడిగిన ప్రశ్ననే పదేపదే అడగడం, తెలిసిన దారిలో తప్పిపోవడం, డబ్బు లెక్కల్లో తికమక, నెలల వ్యవధిలోనే మరుపు పెరగడం వంటివి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలవండి. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ సమస్య, కుంగుబాటు, కొన్ని నిద్రమాత్రలు, అలర్జీ మందులు కూడా మతిమరుపు తెస్తాయి, వీటిలో చాలావాటిని సరిదిద్దవచ్చు. వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ తీసుకెళ్లండి. మీతో రోజూ ఉండేవారిని ఒకరిని వెంట తీసుకెళితే, మీ దృష్టికి రాని మార్పులను వారు వైద్యుడికి చెప్పగలుగుతారు.