జీరో బిల్లు పోకుండా చలికాలం గడిచేదెలా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ పట్టణం. మావారు ప్రైవేటు ఉద్యోగి, నెలకు 31 వేలు చేతికి వస్తాయి. ఇంట్లో 72 ఏళ్ల అత్తమ్మ, బడికెళ్లే ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. అత్తమ్మకు కీళ్ల నొప్పులు, చలి అస్సలు ఓర్చుకోలేదు. తెల్ల రేషన్ కార్డు ఉంది కాబట్టి గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే తెలంగాణ పథకం) కింద ఏడాదిలో ఎనిమిది నెలలు జీరో బిల్లే వస్తుంది. పోయిన చలికాలం 2000 వాట్ల రూమ్ హీటర్ వాడితే నవంబరులో 236, డిసెంబరులో 291, జనవరిలో 318, ఫిబ్రవరిలో 214 యూనిట్లు తిరిగాయి. నాలుగు నెలలకు 6,600 రూపాయలకు పైగా కట్టాం. ఆయిల్ హీటర్ అయితే కరెంటు తక్కువ కాలుతుందని షాపులో అంటున్నారు. 11 వేలు, ఏడాది ఈఎంఐ. మావారేమో చిట్టీ ఎత్తుకుని హాట్ అండ్ కోల్డ్ ఏసీ పెట్టిద్దామంటున్నారు. పక్కింటివాళ్లు సోలార్ మంచిదంటున్నారు. పిల్లల ఫీజు కోసం దాచిన 14 వేలు తప్ప మా దగ్గర వేరే డబ్బు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఏ నెల ఎన్ని యూనిట్లు తిరిగాయో రాసి పంపారు కాబట్టి డబ్బు ఎక్కడ పోతోందో తేలిగ్గా దొరికింది. ముందు ఫిబ్రవరి బిల్లు చూడండి. 214 యూనిట్లు. గృహజ్యోతి హద్దు 200. మీరు దాటింది 14 యూనిట్లు. మీ హీటర్ గంటకు 2 యూనిట్లు లాగుతుంది. అంటే నెల మొత్తం మీద హీటర్ ఇంకో 7 గంటలు తక్కువ వేసి ఉంటే ఆ నెలా మీకు సున్నా బిల్లే వచ్చేది. ఆ 7 గంటల కోసం మీరు కట్టింది సుమారు 1,260 రూపాయలు.

ఎందుకంటే గృహజ్యోతిలో 200 దాటితే, పైన వాడిన యూనిట్లకు మాత్రమే కట్టి ఊరుకుంటామంటే కుదరదు. ఆ నెల మొదటి యూనిట్ నుంచీ కట్టాలి. పైగా తెలంగాణలో 200 దాటిన ఇంటికి స్లాబే మారుతుంది. పథకం లేని ఇల్లయినా సరే, 100 దాటి 200 లోపు వాడితే మొదటి వంద యూనిట్లకు 3.40, తర్వాతి వందకు 4.80 చొప్పున పడుతుంది. 201వ యూనిట్ తిరిగిందంటే మొదటి 200కీ 5.10 వేస్తారు. 201 నుంచి 300 దాకా 7.70, 301 నుంచి 400 దాకా 9 రూపాయలు. మీ జనవరి 318 యూనిట్లకు ఒక్క కరెంటు ఛార్జీలే 1,952 రూపాయలు. కస్టమర్ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, డ్యూటీ (కరెంటు మీద పన్ను) కలిస్తే 2,100 దాటింది.

అందుకే ఏ హీటర్ కొనాలన్న మాట కాసేపు పక్కన పెట్టండి. నెలకు 200 యూనిట్ల లోపే ఉంటూ అత్తమ్మను వెచ్చగా చూసుకోగలమా అన్నది ముందు తేల్చుకోవాలి. చూసుకోవచ్చు. కొంత ముందుచూపు కావాలి, అంతే.

షాపువాళ్లు చెప్పిన మాట సంగతి ముందు చెప్పేస్తాను. కాయిల్ అయినా, హాలోజన్ అయినా, ఆయిల్ అయినా ఒక యూనిట్ కరెంటు నుంచి వచ్చే వేడి ఒక్కటే. ఆయిల్ హీటర్‌లో థర్మోస్టాట్ ఉంటుంది కాబట్టి గది వేడెక్కాక ఆగుతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. కళ్లకు వెలుగు కొట్టదు, ఎర్రటి రాడ్ బయటికి ఉండదు. ఆ సౌకర్యాలు నిజమే. కానీ 2000 వాట్ల ఆయిల్ హీటర్‌ను రాత్రంతా వేసి ఉంచితే మీ పాత హీటర్ కన్నా ఎక్కువే కాలుతుంది, ఎందుకంటే పాతది మీరు రెండు మూడు గంటలకే ఆపేస్తున్నారు. ఈఎంఐకి వడ్డీ లేదని అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఎంత, రొక్కానికి కొంటే ఎంత తగ్గిస్తారు అని అడగండి, తేడా బయటపడుతుంది. మీకు ఈ కొనుగోలు వద్దు.

ఇక జనవరి 318 యూనిట్లు ఎలా అయ్యాయో విడదీద్దాం. ఫ్యాన్లు, కూలర్ ఆగిపోతాయి కాబట్టి చలికాలంలో ఫ్రిజ్, లైట్లు, టీవీ, మోటారు, మిక్సీ, వాషింగ్ మెషిన్ అన్నీ కలిపి మీలాంటి ఇంట్లో 75 యూనిట్లు అనుకోవచ్చు. హీటర్ రోజుకు రెండు, రెండున్నర గంటలు వేస్తే 140 వరకు అవుతుంది. మిగిలిన వంద ఎక్కడ పోయిందంటే, స్నానాల నీళ్లకు. చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు. 20 లీటర్ల బకెట్ నీళ్లను 15 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు కాచడానికి 0.6 యూనిట్ దాకా కావాలి. ఐదుగురికి ఐదు బకెట్లు అంటే 3 యూనిట్లు. గీజర్ ఆన్ చేసి మరచిపోతే ఇంకాస్త. నెలకు సరిగ్గా వంద.

కాబట్టి తగ్గించాల్సినవి రెండు: హీటర్ గంటలు, గీజర్ నీళ్లు.

హీటర్‌తో గది మొత్తాన్ని, గోడల్ని, స్లాబును వేడిచేస్తున్నాం. అత్తమ్మకు కావాల్సింది పక్క వెచ్చగా ఉండటం. ఒక మనిషి పడుకునే ఎలక్ట్రిక్ బ్లాంకెట్ 60 నుంచి 100 వాట్ల లోపే లాగుతుంది. ఎనిమిది గంటలు వేసినా ఒక యూనిట్ కాదు. అదే హీటర్ అయితే అరగంటకే ఒక యూనిట్. ఐఎస్ఐ ముద్ర, దానంతటదే ఆగే టైమర్ ఉన్నది తీసుకోండి. నిద్రకు అరగంట ముందు వేసి పక్క వెచ్చబడ్డాక తగ్గించేస్తే ఇంకా తక్కువ అవుతుంది. అత్తమ్మకు షుగర్ ఉండి పాదాలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం డాక్టర్‌ను అడిగాకే వాడండి. వేడి ఎక్కువైనా ఆమెకు తెలియక చర్మం కాలే ప్రమాదం ఉంది. వేడినీళ్ల సంచికీ ఇదే జాగ్రత్త.

ఇంకోటి. అత్తమ్మ నవారు మంచం మీద పడుకుంటుంటే, పైన రెండు రగ్గులు కప్పినా వణుకు తగ్గదు. చలి కింద నుంచి ఎక్కుతుంది. మంచం మీద ముందు గొంగడి పరిచి, దాని మీద బొంత లేదా దూది పరుపు వేసి, ఆపైన పడుకోబెట్టండి. తేడా మొదటి రాత్రే తెలుస్తుంది. గొర్రె ఉన్నితో నేసిన అసలు గొంగడి ఏళ్ల తరబడి వస్తుంది. దాని మీద పెట్టిన డబ్బు ఏ హీటర్ మీద పెట్టిన డబ్బుకన్నా మేలు. మంచాన్ని ఉత్తరం వైపు బయటి గోడకు ఆనించి ఉంచకండి, ఓ జానెడు ఇవతలికి లాగండి. తలుపు కింద సందుకు పాత చీరను చుట్టలా చుట్టి పెట్టండి, కిటికీకి మందపాటి పరదా వేయండి. పైన వెంటిలేటర్ మాత్రం మూయొద్దు. సాక్సులు, మంకీ క్యాప్ మీకు నేను చెప్పక్కర్లేదు.

ఉన్న హీటర్‌ను పారేయక్కర్లేదు. దాదాపు అన్నింటికీ 1000 వాట్ల స్విచ్ ఉంటుంది. రాత్రి పడుకునే ముందు, తెల్లవారి లేచేటప్పుడు కలిపి రోజుకు ముప్పావుగంట 1000 మీద వేయండి. నెలకు 22, 23 యూనిట్లు. బ్లాంకెట్‌కు 20 వేసుకోండి.

నీళ్ల విషయంలో అత్తమ్మ స్నానం పొద్దున్నే కాకుండా పదకొండు, పన్నెండు గంటలకు మార్చండి. డాబా మీద ట్యాంకు ఎండకు కాగి ఉంటుంది, గీజర్ పని సగం తగ్గుతుంది, ఆమె ఒంటికీ మంచిది. గీజర్ థర్మోస్టాట్ 50 దగ్గర పెట్టండి. ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే పోసుకోండి, ఆఖరివాళ్లు ఆపేసి రావాలి. ఇలా వందను 65కు దించవచ్చు. గ్యాస్ మీద కాచుకుంటే ఎలా ఉంటుందని అనిపించవచ్చు. సిలిండర్ ధర 900 దాటింది. పొయ్యి మీద సగానికి కాస్త ఎక్కువ వేడే నీళ్లకు చేరుతుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుతో సమానమైన వేడికి 8 రూపాయల పైనే పడుతుంది. మహాలక్ష్మి కింద మీకు 500కే సిలిండర్ వస్తుంటే ఖర్చు దాదాపు సగమవుతుంది. 200 దాటబోతున్నామని తెలిసిన వారంలో మాత్రం ఈ దారి వాడుకోండి, రోజూ వద్దు.

కూడితే 75, 65, 23, 20. మొత్తం 183 యూనిట్లు.

ఈ లెక్క కాగితం మీదే ఉండిపోకూడదంటే మీటరు చూడటం అలవాటు చేసుకోవాలి. మీటరు మీద బటన్ నొక్కితే అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారతాయి. కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని ఉన్న అంకెను, రీడింగ్ తీసిన రోజు ఎంతుందో క్యాలెండర్ మీద రాయండి. తర్వాత ప్రతి ఆదివారం రాయండి. రోజుకు 6 యూనిట్లు, వారానికి 42. ఒక వారం 50 వచ్చిందంటే మరుసటి వారం సర్దుకోవడానికి టైమ్ ఉంటుంది. మీటరు రీడింగ్‌కు వచ్చే అతను రెండు మూడు రోజులు ఆలస్యం చేసినా, 33 రోజులకు రోజుకు 6 చొప్పున 198 అవుతుంది, హద్దు దాటదు. అందుకే 6 అని చెప్పాను. ఈ పని పెద్ద పిల్లకో పిల్లాడికో అప్పజెప్పండి, మీకన్నా శ్రద్ధగా చేస్తారు.

అన్ని నెలలూ ఒకేసారి సాధించాలని పెట్టుకోవద్దు. నవంబరు, ఫిబ్రవరి మీ చేతిలో ఉన్న నెలలు. పోయినేడు 36, 14 యూనిట్లే దాటారు. ఆ రెంటినీ ఈసారి వదలకండి, దాదాపు 2,700 రూపాయలు మిగులుతాయి. డిసెంబరు గట్టిగా పట్టుకుంటే దొరుకుతుంది. జనవరిలో ఉత్తరం గాలి తిరిగి, ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కు పడి, అత్తమ్మకు నలతగా ఉంటే మీటరు వైపు చూడకండి. హీటర్ కావలసినంత సేపు వేయండి. ఒక నెల దాటితే ఆ నెలకే కడతారు, తర్వాతి నెల 200 లోపు ఉంటే మళ్లీ జీరో బిల్లే. పెద్దావిడ ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చు ముందు రెండు వేల బిల్లు లెక్కలోకి రాదు.

ఏసీ, సోలార్ సంగతి చిన్నగా చెబుతాను. హాట్ అండ్ కోల్డ్ ఏసీ బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది కాబట్టి ఒక యూనిట్‌కు మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. యంత్రంగా మంచిదే. కానీ ఒకసారి ఇంట్లోకి వచ్చాక మే నెలలో, మీ ఊరి ఎండలో, దాన్ని వేయకుండా ఎవరూ ఉండలేరు. ఇప్పుడు జీరో వస్తున్న ఎండాకాలం నెలలు కూడా పోతాయి. పైగా చిట్టీ ముందే ఎత్తుకుంటే పాటలో పోయేది ఎంతో మీవారికి తెలిసే ఉంటుంది. ఆ చిట్టీని చివరిదాకా ఉంచితే పిల్లల చదువుకు అక్కరకొస్తుంది. సోలార్‌కు పీఎం సూర్యఘర్ కింద 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన అయితే 78 వేలు సబ్సిడీ వస్తుంది. నెలనెలా మూడు, నాలుగు వేలు బిల్లు కట్టేవాళ్లకు చాలా మంచి పథకం. ఎనిమిది నెలలు సున్నా బిల్లు వచ్చే ఇంటికి అందులో ఆదా అయ్యేది తక్కువ, పెట్టుబడి మాత్రం మొత్తం.

అరకు, చింతపల్లి, లంబసింగి వైపు నుంచి కూడా ఇలాంటి ప్రశ్నే వేసేవాళ్లకు ఒక మాట. ఆంధ్రప్రదేశ్ టారిఫ్‌లో హద్దు దాటితే మొదటి యూనిట్ నుంచి రేటు మారదు, పైన వాడిన వాటికే ఎక్కువ పడుతుంది. 226 నుంచి 400 యూనిట్ల మధ్య ఒక్కోటి 8.75 రూపాయలు. రాత్రి గంటసేపు వేసిన 2000 వాట్ల హీటర్‌కు పదిహేడు రూపాయల పైనే అని గుర్తుపెట్టుకోండి.

ఇక మీ డబ్బు. బ్లాంకెట్‌కు 1,500, గొంగడికి, బొంతకు కలిపి 2,200, పరదాలకు, వేడినీళ్ల సంచికి 800. మొత్తం 4,500 కేటాయించండి. ఇది ఫీజు డబ్బులోంచి తీయండి, కానీ అప్పుగా తీయండి. నవంబరు, డిసెంబరుల్లో జీరో బిల్లు వచ్చిన రోజే, పోయినేడు అదే నెల కట్టిన మొత్తాన్ని మళ్లీ ఆ ఫీజు ఖాతాలో వేసేయండి. నవంబరుకు సుమారు 1,430, డిసెంబరుకు 1,850. ఫిబ్రవరి 1,260 కూడా చేరితే పెట్టింది తిరిగి వచ్చేసినట్టే. మార్చి నుంచి బ్యాంకులో 8 నెలల ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) ఒకటి మొదలుపెట్టండి, నెలకు 500. నవంబరు వచ్చేసరికి 4 వేలు, పైన వడ్డీ. జనవరి బిల్లు, అత్తమ్మ మందులు, పిల్లల స్వెటర్లు అన్నీ అందులోంచే. జీరో బిల్లు వచ్చే నెలల్లో ఆ డబ్బు ఎటు పోతుందో తెలియకుండా ఖర్చవుతుంది, అందుకే జీతం పడిన మర్నాడే ఆర్‌డీకి కట్ అయ్యేలా పెట్టించుకోండి.

రెండు జాగ్రత్తలు. హీటర్ ఖర్చు తగ్గుతుందని కొందరు రాత్రి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు వేసుకుంటారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయొద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిమంట ఆరుబయటే, అదీ ఆర్పి లోపలికి రావాలి. రెండోది, 2000 వాట్ల హీటర్ 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఫోన్ చార్జర్లు పెట్టే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే వైరు కరుగుతుంది. అత్తమ్మ గదిలో 16 ఆంపియర్ల సాకెట్ లేకపోతే ఈ వారమే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వేయించండి. ఆ కొద్దిపాటి ఖర్చు పైన చెప్పిన 4,500కు అదనం.