కనుమ ఎక్కే ముందు: పాత పికప్పు గురించి బాబాయి ఉత్తరం

చి. శ్రీనుకి,

బాబాయి ఆశీస్సులు. బండి ఫొటోలు చూశాను. 1970 షెవర్లే సి-10, 350 వి8 ఇంజను, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్సు. మంచి బండే పట్టావు. కానీ నువ్వడిగిన మొదటి ప్రశ్నే నాకు నచ్చలేదు. "గేర్‌బాక్సు ఆయిలుని చల్లబరిచే కూలర్ ఏది కొనమంటావు బాబాయ్?" అన్నావు. వేడి ఎంతుందో చూడకుండా కూలర్ ఏం కొంటావురా?

ట్రైలర్ తగిలించుకుని డల్లాస్ నుంచి అమరిల్లో మీదుగా కొలరాడో వెళ్తానంటున్నావు కదా. దారిలో రటోన్ కనుమ 7,834 అడుగుల ఎత్తు. ఎక్కేటప్పుడు గేర్‌బాక్సుకీ దిగేటప్పుడు బ్రేకులకీ అక్కడే పని పడుతుంది. ముందు బ్రేకుల సంగతి తేల్చు. గేర్‌బాక్సు వేడెక్కితే పక్కకి తీసి నిలబెట్టుకోవచ్చు. నిలబెట్టడానికే బ్రేకు లేకపోతే ఎక్కడికి పోతావు?

ముందు చక్రాలకి డిస్కు బ్రేకుల కిట్టు బిగించాక పెడల్ మెత్తగా కిందికి పోతోందనీ, కాస్త దూరం తిరిగితే ముందు చక్రాలు కాలుతున్నాయనీ రాశావు. అవి రెండు వేరు జబ్బులు. ఒక్క మందుతో పోవు.

పెడల్ మెత్తదనం ముందు చూద్దాం. నీ మూడో ఫొటోలో కాలిపర్ (డిస్కుని ప్యాడ్లతో నొక్కే భాగం) బ్లీడర్, అంటే గాలి తీసే మర, కిందివైపు ఉన్నట్టు కనిపించింది. కుడి కాలిపర్ ఎడమకీ, ఎడమది కుడికీ బిగించేశావేమో చూసుకో. బ్లీడర్ పైన లేకపోతే గాలి లోపలే చిక్కుకుపోతుంది, ఎన్ని సీసాలు పోసినా బయటికి రాదు. అది సరిగ్గానే ఉంటే వెనక డ్రమ్ము బ్రేకుల్లో షూలు దగ్గరగా సర్దు. షూకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ ఎక్కువైతే పెడల్ సగం ప్రయాణం దానికే ఖర్చవుతుంది. గాలి ఉందనుకుని వారాల తరబడి బ్లీడింగ్ చేసేవాళ్లని చాలామందిని చూశాను. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలుని పైపుల్లోకి తోసేది) కొత్తదైతే బండికి ఎక్కించే ముందే బల్ల మీద పెట్టి దాని గాలి తియ్యాలి.

ఇక చక్రాలు కాలడం. దీనికి ఏ సామానూ కొనక్కర్లేదు, ఒక పానా చాలు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, పట్టేసి ఉన్నప్పుడే చెయ్యి. పెడల్ తొక్కుడికి ఇంజను వాక్యూమ్‌తో బలం కలిపే బూస్టర్‌కి మాస్టర్ సిలిండర్‌ని పట్టి ఉంచే నట్లు వదులు చేసి, దాన్ని కాస్త ముందుకి జరుపు. చక్రం వదిలిందా? అయితే బూస్టర్ పుష్‌రాడ్, అంటే మాస్టర్‌ని తోసే కడ్డీ, పొడుగెక్కువైంది. పెడల్ వదిలినా అది పిస్టన్‌ని తోసే ఉంచుతోంది, ఆయిలు వెనక్కి పోయే చిన్న రంధ్రం మూసుకుపోతోంది. చక్రం వదల్లేదా? మాస్టర్ దగ్గర ముందు బ్రేకుల పైపు కీలు కొద్దిగా విప్పు. ఇప్పుడు వదిలితే ఒత్తిడి అక్కడే ఆగిపోతోందన్నమాట. అప్పటికీ వదలకపోతే కాలిపర్ బ్లీడర్ తెరువు. అప్పుడు వదిలితే రబ్బరు హోసు లోపల వాచిపోయింది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, ఆయిలుని పోనిస్తుంది కానీ తిరిగి రానివ్వదు. బ్లీడర్ తెరిచినా చక్రం తిరగకపోతే తప్పు కాలిపర్‌దే.

నా అనుమానం మాత్రం రెండో మెట్టు మీద, అంటే మాస్టర్ దగ్గరే ఒత్తిడి ఆగిపోవడం మీద. పాత మాస్టర్ సిలిండరే ఉంచానన్నావు. అది నాలుగు డ్రమ్ముల కాలానిది. డ్రమ్ము లైన్లలో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు దాని నోట్లోనే ఉంటుంది. డ్రమ్ముల్లో షూలని వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి కనుక అది చెల్లుతుంది. డిస్కుకి అలాంటి స్ప్రింగు లేదు, ఆ కాస్త ఒత్తిడికే ప్యాడ్లు రాసుకుంటూ ఉంటాయి. డిస్కు-డ్రమ్ము మాస్టర్, దానికి తగ్గ కాంబినేషన్ వాల్వు (ముందు వెనక బ్రేకులకి ఒత్తిడి పంచేది) రెండూ కలిపి మార్చు. పెద్ద బోరు (లోపలి వ్యాసం) ఉన్న మాస్టర్ తెస్తే బాగా ఆగుతుందనుకోకు. బోరు పెరిగితే పెడల్ గట్టిపడుతుంది, లైన్లో ఒత్తిడి తగ్గుతుంది.

ఇంకోటి. ఈ బండికి ముందు డిస్కులు కంపెనీ నుంచే రావడం 1971లో మొదలైంది. ఆ ఏడే సగం టన్ను రెండు చక్రాల డ్రైవు బళ్లకి చక్రం బోల్టులు ఆరు నుంచి ఐదుకి మారాయి. నీ కిట్టు ఐదు బోల్టులదైతే ముందొక రకం, వెనకొక రకం చక్రాలతో తిరగాలి, ఒక్క స్టెప్నీ నాలుగింటికీ పనికిరాదు. దాన్ని కొలరాడో దారిలో కనుక్కోకు, ఇంటి దగ్గరే లెక్కపెట్టుకో.

ఇంజను మ్యానిఫోల్డుకి ఒక వాక్యూమ్ గేజీ తగిలించి చూడు. బ్రేకు బూస్టర్ బాగా పనిచెయ్యాలంటే పాదరసం కొలతలో 18 అంగుళాల దాకా కావాలి. మునుపటి యజమాని పెద్ద క్యామ్ (ఇంజను వాల్వుల్ని తెరిచే కడ్డీ) వేయించాడన్నావు, దానితో వాక్యూమ్ తగ్గుతుంది, అందుకే ఇది అడుగుతున్నాను. ఆ వాక్యూమే టర్బో 350లో గేర్లు ఎప్పుడు మారాలో చెప్పే మాడ్యులేటర్‌కి కూడా పోతుంది. దాని గొట్టం చీలితే గేర్లు ఆలస్యంగా, కుదుపుతో మారతాయి. లోపలి పొర చిల్లిపడితే ఇంజను గేర్‌బాక్సు ఆయిలుని తాగేస్తుంది, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంది. ఆయిలు తగ్గి వేడెక్కుతున్న బండికి ఎంత పెద్ద కూలర్ పెట్టినా ఏం లాభం?

తర్వాత గేర్‌బాక్సు ఆయిలుకి ఉష్ణోగ్రత గేజీ పెట్టు, సెన్సర్ గేర్‌బాక్సు అడుగున ఆయిలు నిలిచే పాన్‌లో. 175 నుంచి 200 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే నిశ్చింతగా నడుపు. 220 దాటితే కాలు తియ్యి. 240 దగ్గర ఆయిలు మాడి లోపల జిగురులా పట్టడం మొదలవుతుంది. ఈ వేడిలో ఎక్కువ భాగం టార్క్ కన్వర్టర్‌లో, అంటే ఇంజను బలాన్ని ఆయిలు ద్వారా గేర్‌బాక్సుకి అందించే భాగంలో, పుడుతుంది. నీ టర్బో 350కి దాన్ని జారకుండా పట్టేసే లాకప్ లేదు, ఎప్పుడూ కొంత జారుతూనే ఉంటుంది. కనుమ ఎక్కేటప్పుడు మూడో గేర్లో మూలుగుతూ పోనివ్వకుండా రెండోదికి దించు. ఇంజను గోల పెట్టినా జారుడు తగ్గుతుంది.

ఇంత చేశాకా ముల్లు 220 దాటితే అప్పుడు కొను. ప్లేట్లు పేర్చిన రకమే తీసుకో, గొట్టం-రెక్కల రకం కన్నా అదే వేడి బాగా లాగుతుంది. ఆయిలు ముందు రేడియేటర్‌లోకి, అక్కణ్నుంచి కొత్త కూలర్‌లోకి, తర్వాత గేర్‌బాక్సుకి రావాలి. రేడియేటర్‌ని తప్పించకు, చలికాలంలో ఆయిలుని వెచ్చబెట్టేది అదే. రెండు పైపుల్లో వేడి ఆయిలుది ఏదో తెలియకపోతే చల్లటి ఇంజను స్టార్ట్ చేసి పట్టుకు చూడు, ముందు వెచ్చబడేది అదే. హోసు ట్రాన్స్‌మిషన్ ఆయిలు కోసం చేసిందే కొను, పెట్రోలు గొట్టం వద్దు. ఇనప పైపు కోసి దాని మీద హోసు తొడిగి క్లిప్పు బిగించేస్తారు కొందరు. పైపు చివర ఉబ్బు లేకపోతే ఒత్తిడికి హోసు ఊడొస్తుంది, వేడి ఎగ్జాస్ట్ మీద ఆయిలు పడితే మంటే. రేడియేటర్ రెక్కల్లోంచి ప్లాస్టిక్ పుల్లలు గుచ్చి కూలర్ వేలాడదీసే పద్ధతి కూడా నాకు గిట్టదు. రెండు చిన్న ఇనప పట్టీలు చేయించు.

ఆయిలు గులాబీ రంగు పాలలా ఉంటే మాత్రం బండి కదిలించకు. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లిపడి నీళ్లు కలిశాయన్నమాట. ఆ రేడియేటర్ మార్చాలి, గేర్‌బాక్సు కూడా విప్పించాల్సి వస్తుంది.

శనివారం వాక్యూమ్ ఎంత చూపించిందో, చక్రం ఏ మెట్టు దగ్గర వదిలిందో రెండూ రాసి పెట్టు. పైపు చివర వెడల్పు చేసే ఫ్లేర్ పరికరం నా దగ్గరుంది, కొనకు. బ్రేకు ఆయిలు డాట్ 3 రెండు సీసాలు తెచ్చి ఉంచు. సిలికాన్‌ది, అదే డాట్ 5, తేకు.

మీ బాబాయి