మెట్ట గుట్టలో ఏటి రాళ్లా?

ప్రశ్న: కొత్త ఇంటికి మెరక కోసం పెద్దాపురం వైపు నుంచి ఎర్ర గ్రావెల్ తోలించామండి. అందులో తెల్లటి గులకరాళ్లు, ఏట్లో దొర్లినట్టు నున్నగా ఉన్నాయి. గుట్ట మీదికి ఏరు ఎలా ఎక్కింది? గోదావరి పక్కనే ఉన్న మా ఊళ్లో చెరువు తవ్వినా ఒక్క గులకరాయి తగలదేం?

- ఓ పాఠకుడు, అంబాజీపేట

జవాబు: ముందు మీ ఊరి సంగతి చెప్పుకుందాం. గోదావరి పాపికొండల మధ్య ఉరికినంత కాలమే ఉరుకు. ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలాక వాలు దాదాపు ఉండదు, ఇక మోయగలిగేది సన్న ఇసుక, ఒండ్రు మాత్రమే. పైగా కోనసీమ నేల చాలా కొత్తది. 20 వేల ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కింద ఉండేది. అది పైకొచ్చి నిలదొక్కుకున్నాక, గత ఆరేడు వేల ఏళ్లలోనే పై పొరలు చాలావరకు పేరుకున్నాయి.

మీ గ్రావెల్ అలా కాదు. రాజమండ్రి, ద్వారపూడి, పెద్దాపురం చుట్టూ కనిపించే ఈ ఎర్ర పొరల్ని భూగర్భ శాస్త్రవేత్తలు ‘రాజమండ్రి శాండ్‌స్టోన్’ అంటారు. కాతేరు దగ్గర కనిపించే సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటి లావా రాయి కంటే ఇవి కొత్తవి, మీ డెల్టా కంటే లక్షల ఏళ్లు పాతవి. ఏరు గుట్ట ఎక్కలేదండీ, ఏటి అడుగే ఇప్పుడు గుట్టగా మిగిలింది. అదే పొర సముద్రం వైపు వాలి మీ ఒండ్రు కిందికి దిగిపోతుంది. ఆ నీళ్లు ఇప్పటి గోదావరివేనా అంటే అంత తొందరపడి పేరు పెట్టను, కానీ అంత రాయిని దొర్లించాలంటే ఇప్పుడు మీ పక్కన పారే పాయకున్న వడి చాలదు.

తెల్లవి పలుగురాళ్లు. గట్టివి కాబట్టి మిగిలాయి, తోడు వచ్చిన మెత్తరాళ్లు చాలావరకు అరిగి, చివికి మట్టయిపోయి ఉంటాయి. ఎరుపు ఇనుము తుప్పుది.

అసలు సమాచారం లారీలో పోస్తే పోతుంది, నాకు బాధంతా అదే. క్వారీ గోడలో చదునైన గులకరాళ్లు కొన్నిచోట్ల పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. వాటి వాలు నీరొచ్చిన దిక్కుకు ఉంటుంది, అంటే ఆనాటి ప్రవాహం ఎటు పోయిందో కంటితోనే చెప్పొచ్చు. కింద పెద్దరాళ్లు, పైకి వెళ్లేకొద్దీ ఇసుక ఉంటే వడి తగ్గిందని అర్థం. ఈసారి లోడు కోసం వెళ్తే చూడండి, వానాకాలం మాత్రం గోడ దగ్గరికి పోకండి, విరిగి పడుతుంది.