టెక్ సందేహాలు: స్ఫటికం పెరిగే వేగాన్ని వీడియోలోంచి కొలవడం ఎలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం పాలీప్రొపిలీన్‌ను కరిగించి, 135 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపి, స్ఫటికాలు పెరగడాన్ని పోలరైజింగ్ మైక్రోస్కోపుకు ఫోను బిగించి వీడియో తీశాను. చిత్రాల్లో కొలతలు తీసే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్ ఆ ఫైలును తెరవడం లేదు. పైగా రెండు రోజుల ఫలితాలకు పొంతన కుదరడం లేదు.

జవాబు: ఇమేజ్‌జె ఎంపీ4 ఫైళ్లను నేరుగా తెరవదు. ఉచితంగా దొరికే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌తో వీడియోలోంచి పది సెకన్లకొక చిత్రాన్ని విడదీసి, ఆ ఫోల్డరును ఇమేజ్ సీక్వెన్స్‌గా తెరవండి. చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని మార్చుకుంటాయి కనుక, ఫ్రేములను లెక్కపెట్టి కాలాన్ని రాబట్టడం కన్నా ఇదే నమ్మదగిన పద్ధతి. ఒక మిల్లీమీటరును 100 భాగాలుగా గీసిన స్టేజ్ మైక్రోమీటరును (కొలత గీతలున్న గాజు పలకను) అదే ఆబ్జెక్టివ్ కటకం కింద, అదే జూమ్‌తో ఫొటో తీసి, పది భాగాల దూరాన్ని 100 మైక్రోమీటర్లుగా ఇమేజ్‌జెలోని సెట్ స్కేల్‌లో నమోదు చేయండి.

నల్లని శిలువ గుర్తుతో మెరిసే గుండ్రని స్ఫటిక ముద్ద, అంటే స్ఫెరులైట్, వ్యాసార్థాన్ని, అది పొరుగుదాన్ని తాకేలోపు, ఎనిమిది పది చిత్రాల్లో కొలిచి కాలానికి ఎదురుగా గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలే పెరుగుదల వేగం. చివరి వ్యాసార్థాన్ని మొత్తం సమయంతో భాగించే అలవాటు చాలామందికి ఉంది. ఆ స్ఫటికం ఏ క్షణాన మొలిచిందో మనకు తెలియదు కాబట్టి ఆ భాగాహారం వేగాన్ని తక్కువ చేసి చూపుతుంది. రేఖను బలవంతంగా సున్నా గుండా పోనిచ్చినా అదే తప్పు జరుగుతుంది.

ఇక రెండు రోజుల తేడా. స్ఫెరులైట్ల సంఖ్య మారిందంటే కంగారు పడనక్కరలేదు. అది కరిగించినప్పుడు ఎంత వేడిలో, ఎంతసేపు ఉంచారన్న దాన్ని బట్టి మారుతుంది. వాలు మారితే మాత్రం నేను ముందు అనుమానించేది సాఫ్ట్‌వేర్‌ను కాదు, ఉష్ణోగ్రతను. ఈ శ్రేణిలో పది డిగ్రీలు పెరిగితే పెరుగుదల కొన్ని రెట్లు మందగిస్తుంది కనుక ఒకటి రెండు డిగ్రీల తేడా కూడా మీ అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. నమూనాను వేడిచేసే పీఠం, అంటే హాట్ స్టేజ్, తెర మీది అంకె వేడిచేసే దిమ్మెది. కవర్ గ్లాసు కింద ఉన్న పలుచని పొరది కాదు. 122.4 డిగ్రీల వద్ద కరిగే బెంజోయిక్ ఆమ్లాన్ని చిటికెడు తీసుకుని, అదే మందం గాజు పలకల నడుమ ఉంచి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వేడిచేస్తూ అది కరిగే క్షణంలో తెర మీద ఎంత ఉందో రాసుకోండి. ఆ వ్యత్యాసమే మీ సవరణ. ఈ పరీక్షను ప్రయోగం చేసే ప్రతి రోజూ చేయండి. రెండు రోజుల అంకెలను కలిపి సగటు తీయడం ఆ తరువాతే.