పాఠకుల ప్రశ్నలు: ఇంటి షెడ్డులో విమానం తయారు చేసుకోవచ్చా?

ప్రశ్న: ఒక కర్మాగారంలో ముప్పయ్యేళ్లు ఫిట్టరుగా పనిచేసి ఈ ఏడాదే రిటైరయ్యాను. మా ఇంటి పక్కన రెండు కార్లు పట్టే షెడ్డు ఖాళీగా ఉంది. విదేశం నుంచి కిట్ తెప్పించి రెండు సీట్ల విమానం కట్టుకోవాలని చాలాకాలంగా కోరిక. మా అబ్బాయి కిట్ మొత్తం ఒకేసారి కొని, మనిషిని పెట్టి బిగించుకుందామంటున్నాడు. మా ఆవిడ ఇదంతా నవ్వులాట వ్యవహారమని కొట్టిపారేస్తోంది. ఇది అయ్యే పనేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక పాఠకుడు, కుషాయిగూడ)

జవాబు: అయ్యే పనే. అయితే మీ అబ్బాయి చెప్పిన రెండు మాటలూ పక్కన పెట్టండి. ఈ కిట్లు తోక, రెక్కలు, బాడీ, ఇంజిను అంటూ విడివిడిగా అమ్ముతారు కనుక ముందు తోక కిట్ ఒక్కటే కొనండి. విమానం మొత్తంలో ఉండే పని దాదాపు అంతా అందులో చిన్న మోతాదులో ఉంటుంది; ఆరు నెలల తర్వాత ఈ పని మీకు సరిపడదని తేలినా పోయేది తోక ఖర్చే. విడతలుగా కొనడానికి ఇంకో కారణమూ ఉంది. ఈ రంగంలో పెద్ద పేరున్న ఒరెగాన్ సంస్థ వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్, లేజర్‌తో కోయించిన భాగాల రంధ్రాల దగ్గర పగుళ్లు బయటపడడం వంటి చిక్కులు చుట్టుముట్టగా, 2023 డిసెంబరులో దివాలా చట్టం రక్షణ కోరింది, 2024లో దాని నుంచి బయటపడింది. అంతటి సంస్థకే అలాంటి రోజు వచ్చినప్పుడు మన సొమ్ము మొత్తం ముందే కట్టడం తెలివైన పని కాదు.

ఇక మనిషిని పెట్టడం సంగతి. అమెరికాలో ఇలాంటి విమానానికి అనుమతి రావాలంటే, అందులో సగానికి పైగా పనిని చదువు కోసమో సరదా కోసమో పూనుకున్న వ్యక్తులే స్వయంగా చేసి ఉండాలి. మన దేశంలో నిర్ణయం పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏది. కిట్‌కు డబ్బు కట్టకముందే అక్కడి అధికారులకు రాసి, ఏ దశలో ఎవరు తనిఖీ చేయాలో, ఏయే కాగితాలు కావాలో రాతపూర్వకంగా తెలుసుకోండి. రేకులు మూసేశాక లోపలి పనిని ఎవరూ చూడలేరు కనుక మొదటి రోజు నుంచే తేదీ, చేసిన పని, పట్టిన గంటలు ఫొటోలతో సహా పుస్తకంలో ఎక్కించండి. ముంబయిలో మేడ మీద విమానం కట్టిన కెప్టెన్ అమోల్ యాదవ్ కథ మీరు చదివే ఉంటారు. అక్కడ విమానం తయారవడం ఒక ఎత్తు, దానికి అనుమతి రావడం మరో ఎత్తు అయింది.

పని విషయానికి వస్తే, ఫిట్టరుగా మీ చేతికి ఉన్న అలవాటు సగం బలం, కానీ మిగతా సగం కొత్తగా నేర్చుకోవలసిందే. డ్రిల్ చేసిన ప్రతి రంధ్రం అంచునా లేచే గరుకును తీసేయాలి; వేలి కొనతో తడిమితే ఏమీ తగలకూడదు. వదిలేస్తే పగులు అక్కడే పుడుతుంది. రివెట్ కొట్టేదాకా రేకులను క్లెకోలు అనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా బిగించి పట్టుకుంటారు. వెండి రంగువి అంగుళంలో 32కు 3 వంతుల రంధ్రానికి, రాగి రంగువి 8వ వంతు రంధ్రానికి సరిపోతాయి. దిమ్మ రివెట్ (లోపల బోలు లేని గట్టి రివెట్) కొట్టేటప్పుడు ఒకరు బయట రివెట్ గన్ పట్టుకుంటే ఇంకొకరు లోపల బకింగ్ బార్ అనే లోహపు దిమ్మ ఆనించాలి. అణిగిన తల వెడల్పు రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు ఆ వ్యాసంలో సగం ఉండాలి, అంటే 3.2 మిల్లీమీటర్ల రివెట్‌కు దాదాపు 4.8 వెడల్పు, 1.6 ఎత్తు. నేను నేర్చుకునే రోజుల్లో ఒక రేకుకు డింపుల్ సొట్టలు (రివెట్ తల రేకులో ఒదిగేందుకు రంధ్రం చుట్టూ వేసే గుంటలు) తిరగేసి వేసి, మధ్యాహ్నమంతా శ్రమపడ్డాక గానీ ఆ తప్పు గమనించలేదు. ఆ రేకు ఇప్పుడు మా ఇంట్లో మొక్కల కుండీ కింద ఉంది. కనుక పాత రేకు ముక్కల మీద వంద రివెట్లయినా కొట్టి చేయి కుదిరాకే అసలు రేకు ముట్టుకోండి. సాన, వైసు, ఆకురాయి రాణిగంజ్‌లో కొనవచ్చు. రివెట్లు, బోల్టులు మాత్రం చూడటానికి అచ్చం ఒకలాగే ఉన్నా అక్కడివి విమానంలో వాడకూడదు.

ఇరుగుపొరుగు మాట పడకూడదనుకుంటే వాన్స్ వారి ఆర్‌వీ-12 లాంటిది చూడండి. అందులో ఎక్కువ భాగం ఒక వైపు నుంచే లాగి బిగించే రివెట్లు కనుక గన్ మోత ఉండదు, రెండో మనిషీ పెద్దగా అవసరపడడు. పనికి సుమారు 700 నుంచి 900 గంటలు పడుతుందని సంస్థ అంచనా. రోజుకు రెండు గంటలు కూర్చుంటే ఏడాది అటూఇటూ పడుతుంది. రెక్కలు విడదీసి తీసుకెళ్లవచ్చు గానీ బాడీ ఒక్కటే దాదాపు 20 అడుగుల పొడవు, కాబట్టి షెడ్డు తలుపు, గేటు, ఆపైన వీధి మలుపు టేపు పెట్టి కొలవండి. సీట్ల మీద మూతలా ఉండే పారదర్శకమైన అక్రిలిక్ పందిరి చలిలో పెళుసుగా మారి డ్రిల్ తగిలితే పగులుతుంది కనుక ఆ పని మే నెలకు ఉంచుకోండి. మన ఎండ ఎవరికైనా మేలు చేస్తుందంటే ఈ ఒక్క పనికే. ఎగరేసే చోటు సంగతి కూడా ముందే ఆలోచించాలి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమాన స్థావరాల నడుమ మన ఆకాశం ఖాళీగా లేదు.

ప్రశ్న: ఇలాంటి విమానాల్లో కారు పెట్రోలు పోయవచ్చంటారు. నిజమేనా?
(ఒక విద్యార్థి, నాదర్‌గుల్)

జవాబు: నూరు హార్స్‌పవర్ రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ లాంటి ఇంజిన్ల విషయంలో ఆ మాట నిజమే, కానీ తయారీదారు ఇథనాల్‌ను 10 శాతం వరకే ఒప్పుకుంటారు, ఆక్టేన్ 95 ఉండాలంటారు. మన బంకుల్లో ఇప్పుడు మామూలుగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. సన్నటి గాజు గొట్టంలో కొద్దిగా నీళ్లు పోసి గీత పెట్టి, పైన పెట్రోలు పోసి బాగా కుదిపి కాసేపు ఉంచండి. ఇథనాల్ నీళ్లలోకి దిగి ఆ గీత మీదికి పెరుగుతుంది. అలా పెరిగిందంటే ఎంత కలిసిందో కొలవకుండా ఆ పెట్రోలు ట్యాంకులో పోయకండి.