పసుపు కుంకుమ ఒక పక్క, గోరింటాకు ఒక పక్క: మా ఇంట్లో కలకత్తా డెర్బీ

అడిగిన ప్రశ్న: “ఒకే ఊరి రెండు ఫుట్‌బాల్ క్లబ్బుల మధ్య నిజంగా అంత పగ ఉంటుందా? మోహన్ బగాన్–ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ ఎవరైనా స్టేడియంలో కూర్చుని చూశారా?”

చూశాను. ఒకే ఊరి జట్ల మ్యాచ్ కదా, డెర్బీ అంటారు. కలకత్తాలో కాదు, భువనేశ్వర్‌లో. 2024 జనవరి 19న కళింగ స్టేడియంలో, సూపర్ కప్ మ్యాచ్. ఎడమ పక్క మా నాన్న, కుడి పక్క మా మావయ్య, మధ్యలో నేను. ఆ రోజు నేను చూసింది ఆటలో సగమే. మిగతా సగం టైము వీళ్ళిద్దరి బీపీ చూసుకోవడానికే సరిపోయింది.

మాది బరంపురం. ఒడిశాలో ఉన్న తెలుగు ఇల్లు. మా అమ్మ పుట్టిల్లు ఖరగ్‌పూర్. అక్కడ రైల్వేలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలిసినవాళ్ళకి తెలుసు. నాన్న కుర్రాడిగా ఉన్నప్పుడు ఉద్యోగానికి ఆ ఊరు వెళ్ళారు, అక్కడే పెళ్ళయింది, తర్వాత బదిలీ మీద సొంతూరు వచ్చేశారు. తెచ్చుకున్నవి రెండు: మా అమ్మ, ఈస్ట్ బెంగాల్ పిచ్చి. గొడవేమిటంటే పిల్లనిచ్చిన ఇల్లు మోహన్ బగాన్ ఇల్లు.

నాన్న ఈస్ట్ బెంగాల్ పక్షం ఎందుకయ్యారంటే, అప్పారావు వల్ల. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఈస్ట్ బెంగాల్‌కి ‘పంచపాండవులు’ అని ఐదుగురు ఫార్వర్డులు ఉండేవారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. 1949, 50, 51 వరసగా మూడేళ్ళు కలకత్తా పాత టోర్నీ ఐఎఫ్ఏ షీల్డు గెలిచిన జట్టు అది. నాన్న అప్పటికి ఊయల్లో కూడా లేరు. అయినా ఖరగ్‌పూర్‌లో దిగిన మొదటి వారం ఎవరో ఈ పేర్లు చదువుతుంటే అప్పారావు దగ్గర ఆగిపోయారట. “అప్పారావు అన్నాక ఇంకేటి ఆలోచించడం?” అంటారు ఇప్పటికీ. పార్టీ ఎంచుకోవడానికి ఇంతకంటే బలమైన కారణం నేనూ వినలేదు.

మావయ్య దగ్గర ఉన్న బాణం ఒక్కటే, కానీ బ్రహ్మాస్త్రం. 1911 జులై 29. మోహన్ బగాన్ కుర్రాళ్ళు దాదాపు అందరూ ఉత్త కాళ్ళతో ఆడి, బూట్లు వేసుకున్న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2–1తో ఓడించి షీల్డు పట్టుకొచ్చారు. తెల్లవాళ్ళ జట్టుని ఓడించి ఆ షీల్డు అందుకున్న మొదటి భారతీయ జట్టు అది. “అప్పటికి మీ క్లబ్బు పుట్టిందా బావా?” అని అడుగుతాడు. పుట్టలేదు. మోహన్ బగాన్ 1889లో పుడితే ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టింది. అదీ అలకతో. జోడాబాగాన్ అనే జట్టు మోహన్ బగాన్‌తో ఆడబోతూ తూర్పు బెంగాల్ వైపు కుర్రాణ్ణి ఒకణ్ణి పక్కన పెట్టిందట. సురేశ్ చంద్ర చౌధురి అనే పెద్దమనిషికి ఒళ్ళు మండి, పెళ్ళిలో మర్యాద జరగలేదని లేచిపోయినట్టు బయటికొచ్చి, వేరు కుంపటి పెట్టాడు. నాన్నకి ఆ కథ మహా ఇష్టం. 1925లో లీగ్‌లో మొదటిసారి ఎదురుపడగానే 1–0తో గెలిచామని ‘మేము’ కలిపి మరీ చెబుతారు.

ఇక రంగులు. ఈస్ట్ బెంగాల్‌ది ఎరుపు, పసుపు. మోహన్ బగాన్‌ది ఆకుపచ్చ, మెరూన్. “మాది పసుపు కుంకుమల పార్టీ, శుభం” అని నాన్న. “మాది గోరింటాకు. నూరితే పచ్చన, పండితే ఎర్రన” అని మావయ్య. అమ్మ వంటింట్లోంచి, “రెండూ పేరంటం సామాన్లే కదా, మగాళ్ళు మీకెందుకు కొట్లాట?” అంటుంది. నలభై ఏళ్ళుగా ఇదే మాట. మాకింకా నవ్వొస్తుంది.

చేపల గొడవ మీరు వినే ఉంటారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలస, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. కలకత్తా బజార్లో ధరలు కూడా దాన్ని బట్టే ఎగురుతాయంటారు. మా ఇంట్లో పందెం కూడా అదే. మావయ్య ఓడితే ఇలస కొనివ్వాలి, నాన్న ఓడితే రొయ్యలు. మనవైపు “పుస్తెలమ్మి అయినా పులస తినాలి” అంటారు చూడండి, ఆ పులస కూడా ఇదే చేప. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, గోదారి ఎదురెక్కితే పులస. నన్నడిగితే ఇంకే ఊళ్ళోనూ ప్లేటులో కూర చూసి మనిషి ఏ క్లబ్బో చెప్పలేరు.

సరే, ఆ రోజు సంగతి. మావయ్య ముందు రోజే బరంపురం వచ్చేశాడు. అమ్మ పులిహోర కట్టి, ముగ్గురికీ మంకీ టోపీలు పెట్టి పంపింది. పొద్దున్న బండెక్కాం. రంభ దాటాక కిటికీలో చిలికా కనబడగానే మావయ్య మొదలుపెట్టాడు: “చూడు బావా, నీ ఊరి సరస్సంతా మా పార్టీయే.” చిలికా రొయ్యలకి పేరు కదా, అదీ లెక్క. బాలుగాంలో బండి ఆగితే ప్లాట్‌ఫారం మీద వాసన కూడా తన పార్టీదే అన్నాడు. నాన్న పేపరు మడిచి, “రొయ్యకి వెన్నెముక ఉండదోయ్” అన్నారు. అంతే. ఖుర్దా రోడ్డు దాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

స్టేడియంలో మా చుట్టూ కలకత్తా నుంచి వచ్చిన కుర్రాళ్ళు. డప్పులు, జెండాలు, ముఖాన రంగులు. మా ముందు వరసలో ఒకబ్బాయి వెనక్కి తిరిగి, ముసలాయన ఎరుపు మఫ్లరు చూసి ముచ్చటపడి, “దాదూ, ఘొటీయా, బాంగాలా?” అని అడిగాడు. పడమటి బెంగాల్ మూలవాసులు ఘొటీలు, మోహన్ బగాన్ పక్షం. తూర్పు నుంచి వచ్చినవాళ్ళు బాంగాళ్ళు, ఈస్ట్ బెంగాల్ పక్షం. నాన్న ఏమాత్రం తడుముకోకుండా, “ఆమి గంజామేర్ లోక్” అన్నారు. గంజాం మనిషిని. ఆ అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు. మావయ్య మాత్రం పగలబడి నవ్వాడు.

మొదటి గోలు మోహన్ బగాన్‌ది. యూస్తే అనే స్పెయిన్ ఆటగాడు కొట్టాడు. మావయ్య నా భుజం మీద చెయ్యి ఆనించి లేచాడు. మోకాళ్ళ నొప్పులాయన, ఇంట్లో పీట మీంచి లేవడానికి ఇద్దరు కావాలి. కాసేపటికే క్లెయిటన్ సిల్వా సమం చేశాడు. ఈసారి రెండో భుజం. సగం ఆటకి కాస్త ముందు మోహన్ బగాన్‌కి పెనాల్టీ వచ్చింది. పెత్రాతోస్ కొట్టాడు, పోయింది. మావయ్య మంకీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చలికి చెవులు ఎర్రబడిపోయాయి. పెట్టుకోమన్నా పెట్టుకోడు.

రెండో సగంలో నందకుమార్ కొట్టాడు. చెన్నై కుర్రాడు, అంతకుముందు ఒడిశా ఎఫ్‌సీకి ఆడినవాడు. ఆ మైదానం వాడికి సొంత పెరడు. నాన్న గొంతు అప్పుడే పోయింది. ఆఖర్లో క్లెయిటన్ మళ్ళీ కొట్టాడు. 3–1. ముందు వరస కుర్రాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. నేను ఎడమ భుజం సిద్ధం చేసుకున్నాను. నాన్న లేవలేదు. నా ముందు నుంచి వంగి, నీళ్ళ సీసా మావయ్య వైపు చాపి, “రాత్రి మాత్ర వేసుకున్నావా?” అని అడిగారు. మావయ్య జేబులోంచి అట్ట తీసి, చింపి, మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, సీసా తిరిగిచ్చాడు. తర్వాతే నాన్న లేచి చప్పట్లు కొట్టారు.

పగ ఉంటుందా అని అడిగారు కదా. ఉంటుంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌లోనే గ్యాలరీలో గొడవ, తొక్కిసలాట జరిగి 16 మంది పోయారు. నాన్నతో పనిచేసే ఒకాయన ఆ రోజు వెళ్ళి, చెప్పుల్లేకుండా ఖరగ్‌పూర్ తిరిగొచ్చాడట. ఆ మాట వస్తే ఇద్దరూ గొంతు తగ్గిస్తారు. కానీ 1975 సెప్టెంబరు 30 మాట వస్తే మాత్రం మళ్ళీ పెంచుతారు. షీల్డు ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5–0. నాన్న సూట్‌కేసు తాళం నంబరు ఇప్పటికీ 750. డెబ్బై ఐదులో ఐదు–సున్నా, ఐదుని రెండుసార్లు వాడుకున్నానంటారు. (ఇది రాసినందుకు సూట్‌కేసు మార్చుకోవాలి.) 1997లో సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై ఒక్క వేల మంది ముందు బైచుంగ్ భూటియా ఈస్ట్ బెంగాల్ తరఫున మూడు గోల్స్ కొట్టిన మ్యాచ్ గురించి మావయ్య ముందు ఎత్తకూడదు. 2009లో చిడీ ఒక్కడే నాలుగు కొట్టి మోహన్ బగాన్‌ని 5–3తో గెలిపించిన రాత్రి గురించి నాన్న ముందు ఎత్తకూడదు. ఆ రాత్రి మావయ్య ఫోను చేసి మాట్లాడకుండా ఒకటి, రెండు, మూడు అని ఐదు దాకా లెక్కపెట్టి పెట్టేశాడు.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పుకోవాలి. ఈ వైరమంతా బెంగాలీల సొంత గొడవ అన్నట్టు మనవాళ్ళు మాట్లాడతారు. హైదరాబాద్ లేకపోతే ఆ రెండు క్లబ్బుల చరిత్రలో సగం పేజీలు ఖాళీ. హబీబ్ హైదరాబాద్ వాడు, రెండు వైపులా ఆడాడు. 1977లో పేలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్‌కి వస్తే, మోహన్ బగాన్ తరఫున ఆ మ్యాచ్‌లో గోలు కొట్టినవాళ్ళలో హబీబ్ ఒకడు. ఆయన తమ్ముడు అక్బర్ 1976 డెర్బీలో పదిహేడో సెకనులో గోలు కొట్టాడు. మీరు వేరుశనగ పొట్లం విప్పేలోపు! సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కి కెప్టెన్‌గా చేశాడు. మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు? మా వీధి చివర టీ కొట్టులో టీవీ ఉంది. ఎప్పుడు చూసినా క్రికెట్టే. అది కూడా పదేళ్ళ కిందటి మ్యాచ్, రిజల్టు అందరికీ తెలిసిందే, అయినా నోరు తెరుచుకుని చూస్తారు. డెర్బీ పెట్టమంటే నన్ను వింతగా చూశారు.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరు. నాన్న అప్పారావు కథ చెబుతారు గానీ, నా నమ్మకం ఏమిటంటే, బరంపురం మనిషి ఈస్ట్ బెంగాల్ వైపే ఉంటాడు. 1947లో తూర్పు బెంగాల్ వాళ్ళ మీదుగా దేశవిభజన గీత గీశారు. తట్టాబుట్టా సర్దుకుని వచ్చినవాళ్ళకి కలకత్తాలో మాది అని చెప్పుకోవడానికి ఆ క్లబ్బు మిగిలింది. మా మీదుగా గీత 1936 ఏప్రిల్ 1న గీశారు. అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం ఒడిశాలోకి వచ్చింది. వాళ్ళు పడినదాంతో పోల్చకూడదు లెండి, మా వాళ్ళు ఇల్లు కూడా కదల్లేదు. పొద్దున్న లేచి అదే బావిలో నీళ్ళు తోడుకున్నారు, రాష్ట్రం మాత్రం మారింది. వి.వి. గిరి గారు పుట్టిన ఊరు మాది. అయినా విశాఖలో మమ్మల్ని ఒడియావాళ్ళంటారు, భువనేశ్వర్‌లో తెలుగువాళ్ళంటారు. నాన్న ఆ అబ్బాయికి ‘గంజాం’ అని జవాబిచ్చింది అందుకేనని నా ఉద్దేశం. మావయ్య దీన్ని ఒప్పుకోడు. చునీ గోస్వామి వాళ్ళది తూర్పు బెంగాలే, అయినా జీవితమంతా మోహన్ బగాన్‌కే ఆడలేదా అంటాడు. ఆడాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, అయినా నా మాట నాదే.

పందెం సంగతి మిగిలింది. జనవరిలో ఇలస ఎక్కడిది? ఐసులో పెట్టింది దొరుకుతుంది, అట్టముక్క తిన్నట్టుంటుంది. వానలు పడ్డాక ఇస్తానని మావయ్య వాయిదా అడిగాడు. ఈలోపు అదే నెల 28న ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ ఒడిశా ఎఫ్‌సీ మీద 3–2తో గెలిచి కప్పు పట్టుకుపోయింది. పన్నెండేళ్ళ తర్వాత వాళ్ళకి పెద్ద కప్పు. నాన్నకి ఆ ఆనందం పూర్తిగా దక్కలేదు. మా అబ్బాయి ఒడిశా ఎఫ్‌సీ జెర్సీ వేసుకుని తలుపేసుకున్నాడు, తాత బతిమాలినా రాత్రి అన్నానికి రాలేదు.

ఆగస్టు 18న డ్యూరాండ్ కప్‌లో మళ్ళీ డెర్బీ పడింది. మావయ్య గెలిస్తే బాకీ చెల్లు, ఓడితే రెండు చేపలు. ఆ మ్యాచ్ జరగలేదు. ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో డాక్టరమ్మాయి మీద జరిగిన హత్యాచారానికి కలకత్తా అట్టుడుకుతోంది, మ్యాచ్ రద్దు చేశారు. ఆ సాయంత్రం స్టేడియం బయట ఎరుపు–పసుపు జెర్సీలూ, ఆకుపచ్చ–మెరూన్ జెర్సీలూ కలిసి రోడ్డెక్కి నినాదాలిచ్చాయి. మా ఇంట్లో ఒక టీవీ ముందు, ఖరగ్‌పూర్‌లో ఒక టీవీ ముందు ఇద్దరు ముసలివాళ్ళు ఫోను చెవిన పెట్టుకుని ఏమీ మాట్లాడుకోకుండా చూశారు.

తర్వాత పది రోజులకి తెలిసినవాళ్ళు ఎవరో వస్తుంటే, వాళ్ళ చేత థర్మోకోల్ పెట్టెలో ఐసు పోసి ఒక ఇలస పంపాడు మావయ్య. మ్యాచ్ లేదు కాబట్టి పాత బాకీయే, ఒక్కటే చేప. అమ్మ చింతపండు పులుసు పెట్టింది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో ముల్లూ ఏరి పళ్ళెం అంచున వరసగా పేరుస్తూ గంటసేపు తిన్నారు. అప్పుడే ఫోను మోగింది. ఎలా ఉంది బావా, అని మావయ్య.

“ముళ్ళెక్కువోయ్,” అన్నారు నాన్న. “రొయ్యలే నయం.”