సీటు పోలేదు, పేజీ రేటు పోయింది

ఏఐ వల్ల ఉద్యోగాలు పోతాయా, జీతాలు తగ్గుతాయా అని అడిగారు. ఐటీ సంగతి ఐటీ వాళ్ళే చెప్పాలి. నాది హన్మకొండలో డీటీపీ షాపు, 18 ఏళ్ళుగా టైపింగే బతుకు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పుడు, దానికి తెలుగు ఏం వస్తుందిలే అని నవ్వుకున్నాం. నా సీటు ఇప్పటికీ ఉంది. రేటే లేదు.

మొన్న ఎండాకాలం ఒక రిటైర్డ్ సారు వచ్చారు. చిన్ననాటి ముచ్చట్లు చేత్తో రాసుకున్నారు, 140 పేజీలు. ఇదివరకైతే నోటుబుక్కు టేబుల్ మీద పెట్టి, "తమ్మీ, ఎన్ని రోజులు పడతది?" అనేవారు. ఈసారి ఫోన్ తీశారు. మనవడు పేజీలన్నీ ఫోటోలు కొట్టి ఏఐకి ఇచ్చాడట, అది మొత్తం టైపు చేసిందట. "చిన్న చిన్న తప్పులుంటయి, సవరించు. టైపింగ్ లేదు కదా, సగం తీసుకో" అన్నారు. పేజీకి 30 తీసుకునేవాణ్ణి, 15కి ఒప్పుకున్నాను. పిల్లల బడి ఫీజుల టైమ్ అది.

చూస్తే ఎక్కడా తప్పు కనబడదు. అదే చిక్కు. కచ్చురం అంటే గూడు కట్టిన ఎడ్లబండి. సారు "కచ్చురంల పెండ్లికి పోయినం" అని రాస్తే, "కచ్చితంగా పెళ్ళికి వెళ్ళాం" అని వచ్చింది. మోటబావి కాస్తా మాటల బావి అయింది. పాత స్కానింగ్ తప్పు చేస్తే చెత్తచెత్తగా చేసేది, చూడగానే దొరికేది. ఇది సాఫీగా చదివిస్తూనే ఎక్కిన బండిని మాయం చేస్తుంది. కచ్చురం ఎరగనివాడు ఆ తప్పును ఏడు జన్మలకూ పట్టలేడు. అందుకని నోటుబుక్కు పక్కన పెట్టుకుని లైను లైనూ చదివాను. ఆపైన ప్రెస్సులో వాడేది పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, 'అను' అనే రకం ఫాంట్లు. ఫోన్‌లో వచ్చింది యూనికోడ్, దాని అక్షరాల పద్ధతే వేరు. మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, మళ్ళీ వెతుక్కోవాలి. మిగతా పనుల మధ్య 12 రోజులు పట్టింది. మొదటినుంచీ నేనే కొట్టినా అంతే పట్టేది.

మా అమ్మ నర్సంపేట దగ్గర ఊళ్ళో ఇప్పటికీ పత్తి ఏరడానికి పోతుంది. వరికోత మిషన్లు వచ్చి ఆడకూలీలకు కోతలు లేకుండా చేశాయి గానీ, పత్తి ఇంకా చేతులదే. కాయలన్నీ ఒక్కసారి పగలవు, మూడు నాలుగు విడతలు ఏరాలి. మిషన్ దించాలంటే చేనంతా ఒకేసారి పగలాలి, ఆకు రాలడానికి మందు కొట్టాలి. అందుకే కిలోల లెక్కన ఇచ్చే కూలి మా ఊళ్ళో ఏటేటా పెరుగుతోంది. ఆసామి ఆటో పంపించి మరీ తీసుకుపోతాడు. కూలి పని తప్పాలని నన్ను పీజీడీసీఏ అనే కంప్యూటర్ కోర్సు చదివించింది ఆమే.

"నువ్వూ ఏఐ నేర్చుకో" అనేవాళ్ళంటే మాత్రం ఒళ్ళు మంట. పెళ్ళికార్డులకు నేనూ వాడుతున్నాను. రెండు గంటల పని అరగంటలో అవుతుంది. అది తెలియగానే కస్టమర్ అరగంట డబ్బులే ఇస్తాడు. ఇక రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో "అన్నా, ఒక్క అక్షరం మార్చు" అనే బాధ ఏ మిషన్ వచ్చినా తీరలేదు.

ఈమధ్య "ఏఐ టైపింగ్ సవరణ, పేజీకి 25" అని బోర్డు పెట్టాను. పక్క గల్లీలో 10కే చేస్తున్నారు. చదవకుండానే చేస్తారని నా అనుమానం.

సారు పుస్తకం అచ్చయ్యాక ఒక కాపీ తెచ్చి ఇచ్చారు. "చూసినవా తమ్మీ, ఏఐ ఒక్క తప్పు లేకుండ ఎట్ల కొట్టిందో!" అన్నారు.